తాటాకు చుట్టకి ఉన్నపాటి ఓపిక కూడా లేకపోతే ఎలా బాబూ

ఈసారి ఉత్తరం చీపురుపల్లి దగ్గర ఒక పల్లెటూరి అబ్బాయిది. పేరూ ఊరూ వద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. వయసు 23. వైజాగ్‌లో ఉద్యోగం, ఇంకో కుర్రాడితో కలిసి రూములో ఉంటాడు, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికొచ్చి ఆదివారం రాత్రికి వెళ్ళిపోతాడు. ఐదో ఏట వాళ్ళ మామ్మ కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి రెండు చెవులూ కుట్టించి బంగారు తీగ పోగులు పెట్టించింది. హైస్కూల్లో తోటి గుంటలు ఏడిపిస్తున్నారని తీసేశాడు గానీ కన్నాలు పూడలేదు. ఈమధ్య టన్నెల్స్ పెట్టుకోవాలని కోరిక పుట్టింది. అదే, చెవి తమ్మెలో పెద్ద రింగు, నడుమ ఖాళీ, ఆ ఖాళీలోంచి అవతలి గోడ కనపడుతుంది చూడండి, అది. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించాడు, 1.6 మిల్లీమీటర్ల నుంచి 10 దాకా సైజులు, ఒక చివర సన్నగా ఇంకో చివర లావుగా ఉండే టేపర్లు, వాటితో పాటు రింగులు, అన్నీ రంగురంగుల అక్రిలిక్.

మొదటి సైజు సునాయాసంగా వెళ్ళింది, రెండోదీ వెళ్ళింది. దాంతో ఊపొచ్చి మూడు నాలుగు రోజులకో సైజు ఎక్కించుకుంటూ పోయాడు. 4 దగ్గర రెండు చెవులూ మండాయి. కుడిచెవిని అక్కడ వదిలేశాడు, ఎడమ చెవికి మాత్రం కొబ్బరినూనె రాసి, పళ్ళు బిగబట్టి 5 తోసేశాడు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి అప్పటికి 16 రోజులు. మర్నాడు పొద్దున్న తలగడ మీద రక్తపు మరక. ఇప్పటికి ఐదు రోజులైంది, ఎడమ తమ్మె వాచి వేడిగా ఉంది, నొక్కితే పచ్చగా చీము వస్తోంది, రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నాడు. కుడిచెవి నొప్పి లేదు గానీ కన్నం వెనక వైపు ఎర్రగా పెదవిలాగా ఒక మడత బయటికొచ్చింది. రూములో కుర్రాడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యమన్నాడు, పోశాడు. ఇంటికొస్తే మామ్మ పసుపు అద్దింది.

నాన్న చూసిన రోజు అన్న మాట అతను రాసినట్టే ఇస్తున్నా: "చెవులకి బొక్కలెట్టుకుని ఏ మొహంతో చెల్లి పెళ్ళిలో తిరుగుతావురా?" అప్పట్నుంచి మాటల్లేవు. చెల్లి పెళ్ళి ఇంకా 7 వారాలుంది. మామ్మేమో నవ్వి తన చెవి పట్టుకుని చూపించిందట, "నా సెవులు సూడరా, వేలెట్టేస్తే దూరిపోద్ది, నాకెవులు తిట్నారు?" అని.

అడిగినవి నాలుగు. రింగు తీసెయ్యాలా ఉంచాలా, తీస్తే చీము లోపలే ఉండిపోతుందా? కుడిచెవి వెనక మడత ఇక అంతేనా? 10 దాకా వెళ్ళాలని ఉంది, వెళ్ళొచ్చా? నాన్నతో ఏం మాట్లాడాలి?

బాబూ, ముందు ఎడమ చెవి. నీ ఉత్తరం చదివిన రోజే విడిగా రెండు ముక్కలు రాశాను చెవి డాక్టర్ దగ్గరికి పొమ్మని, వెళ్ళావో లేదో మళ్ళీ జవాబు రాలేదు. వెళ్ళకపోయి ఉంటే ఇది చదవడం ఇక్కడితో ఆపి పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకో, విజయనగరం పెద్దాసుపత్రిలోనైనా సరే వైజాగ్‌లోనైనా సరే. ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి కాదు, మెడికల్ షాపు కౌంటర్ దగ్గర "చెవి వాచిందన్నా నాలుగు మాత్రలియ్యి" అని కాదు. ఐదు రోజులుగా వేడి, వాపు, నొక్కితే చీము, పడుకోలేనంత నొప్పి, ఇవన్నీ కలిసి ఉన్నాక ఇంట్లో ఉప్పునీళ్ళతో తగ్గించుకునే స్టేజీ దాటిపోయింది.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, శ్రీకాకుళంలో చెవి ముక్కు గొంతు ఓపీలో 27 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, తమ్మెలో మొదలైన చీము పైకి పాకితే ఏమవుతుందో కళ్ళతో చూశాను. తమ్మె వరకూ ఉన్నది కొవ్వు, కండ, రక్తం బాగా ఆడుతుంది, మందు వేస్తే తొందరగానే లొంగుతుంది. దానిపైన చెవి డొప్పంతా కార్టిలేజ్, అంటే వంగే మెత్తటి ఎముక, దానికి సొంతంగా రక్తనాళాలుండవు, పైన అంటుకున్న పొర నుంచే తిండి. ఇన్‌ఫెక్షన్ అక్కడికి ఎక్కితే ఆ పొరకీ కార్టిలేజ్‌కీ మధ్య చీము చేరి తిండి ఆగిపోతుంది, తగ్గాక చూస్తే చెవి నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంటుంది. ఎర్రదనం తమ్మె దాటి పైకి గానీ చెంప మీదికి గానీ పాకినా, జ్వరం వచ్చినా, చెవి కింద మెడలో బిళ్ళ కట్టినా, రింగు కండలోకి దిగిపోతున్నట్టు అనిపించినా ఇక పొద్దున్న దాకా కూడా ఆగకు, రాత్రయితే క్యాజువాల్టీకి వెళ్ళు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే నీది కూడా ఒకసారి చూపించుకో. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో గుర్తులేకపోతే ఆ మాట కూడా డాక్టర్‌కి చెప్పు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. తీసెయ్యాలా ఉంచాలా అంటే రెంటిలోనూ ఇబ్బంది ఉంది, అందుకే నీ అంతట నువ్వు చెయ్యొద్దంటున్నా. పూర్తిగా తీసేస్తే కన్నం మూతి ముందు మూసుకుపోతుంది, లోపల చీము బయటికి దారి లేక గడ్డ కడుతుంది, అప్పుడు కోసి తియ్యాలి. అలాగని 5 సైజు అలాగే ఉంచితే అసలు గాయం చేసిందే అది, వాచిన కండని లోపల్నుంచి నొక్కుతూనే ఉంటుంది. మామూలుగా డాక్టర్లు చూసి, గాయం తీరుని బట్టి పూర్తిగా తియ్యడమో, తోయకుండా దానంతటది జారిపోయేటంత చిన్న సైజు నున్నటిది పెట్టి చీముకి దారి ఉంచడమో చేస్తారు. వెళ్ళేటప్పుడు కిట్ తీసుకెళ్ళు, ఏది పెట్టావో చూపిస్తే వాళ్ళకి సులువు. చీము ఎండి రింగు అంటుకుపోయి ఉంటే లాగకు. ఒకమ్మాయి దుద్దు వెనక మర కండలోకి దిగిపోయి పైన చర్మం కప్పేసి వచ్చింది ఓపీకి, వాళ్ళమ్మ ఇంట్లో పిన్నుతో కెలికి, ప్లయర్‌తో లాగి, అన్నీ అయ్యాక తీసుకొచ్చింది. గోరువెచ్చటి సెలైన్‌లో తడిపిన గాజు గుడ్డ పది నిమిషాలు పెట్టి ఉంచితే నీ రింగు చుట్టూ ఎండిన పెచ్చు సగం దానంతటదే నానిపోతుంది. యాంటీబయాటిక్ రాస్తే రాసినన్ని రోజులూ వెయ్యి, మూడో రోజు వాపు తగ్గిందని మిగతావి డబ్బాలో దాచకు.

కడగడానికి మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ అని అడిగితే ఇస్తారు, 0.9 శాతం ఉప్పు ఉన్న శుభ్రమైన నీళ్ళు, పెద్ద ఖరీదేం కాదు. అది దొరక్కపోతే మరిగించి చల్లార్చిన నీళ్ళు ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్లు, అందులో పావు టీస్పూను మామూలు ఉప్పు. ఎక్కువేస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోకు, చర్మం ఎండి పగులుతుంది. రోజుకి రెండుసార్లు చాలు. దూది వద్దు, దాని నూగు కన్నంలో ఇరుక్కుంటుంది, గాజుగుడ్డ వాడు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆపెయ్, అది పొయ్యగానే బుసబుస పొంగుతుంటే క్రిములు చచ్చిపోతున్నాయనుకుంటారు గానీ కొత్తగా పుడుతున్న చర్మాన్ని కూడా అదే ఊపులో కాల్చేస్తుంది. స్పిరిటూ, డెట్టాలూ కూడా అంతే. మామ్మ పసుపు విషయంలో నువ్వు ముసలావిడతో గొడవ పెట్టుకోకు, "డాక్టర్ ఏదీ పూయొద్దన్నాడే" అని ఆయన మీదికి తోసెయ్. పొడి వెళ్ళి ఆ సన్నటి కన్నంలో కూర్చుంటే చీముతో కలిసి ముద్ద కడుతుంది, ఆ డబ్బాలో ఎన్ని చేతులు పడ్డాయో ఏమో. పచ్చి గాయం మీద కొబ్బరినూనె కూడా వద్దు, దాని పని తర్వాత ఉంది, చెప్తా.

తమ్మె మానాక కూడా కన్నం దగ్గర తెల్లగా పిండిలాంటిది చేరి పులిసిన మజ్జిగలా వాసన వస్తుంది, దానికి హడలిపోకు. అది చీము కాదు, చచ్చిన చర్మమూ జిడ్డూ కలిసిన మురికి, స్నానంలో సబ్బుతో కడిగితే పోతుంది. కొత్త గాయం చుట్టూ లేత పసుపుగా ఎండే నీరు కూడా చీము కాదు. వేడి, పెరుగుతున్న నొప్పి, పచ్చగా చిక్కగా కారడం, ఇవి ఉంటేనే భయపడు.

ఉత్తరంలో ఒక మాట పక్కనుంచి జార్చేశావు, మిగతావాళ్ళు గమనించకపోవచ్చు గానీ నర్సు కళ్ళు కదా, అక్కడే ఆగాయి. "రూమ్మేట్ కూడా అవే టేపర్లతో మొదలెట్టాడు" అని రాశావు. నీ తలగడ మీద రక్తం పడింది, అంటే నీ టేపర్ మీద కూడా ఉంది. కాలేయానికి పట్టే హెపటైటిస్ బీ వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది, కుళాయి కింద కడిగితే పోదు. హెపటైటిస్ సీ కూడా రక్తంతోనే వస్తుంది. మీ ఇద్దరిలో ఎవరికో ఉందని అనట్లేదు, ఉంటే పైకి కనపడదు అంటున్నా. ఇద్దరూ రక్త పరీక్ష చేయించుకోండి, టీకా పడి ఉండకపోతే హెపటైటిస్ బీ టీకా అడగండి, మొదటి డోసు తర్వాత నెలకొకటి, ఆరో నెలకొకటి, మొత్తం మూడు. అక్రిలిక్‌ని ఆటోక్లేవ్‌లో, అంటే ఆసుపత్రిలో వేడి ఆవిరితో పనిముట్ల మీది క్రిముల్ని చంపే యంత్రంలో, పెట్టలేం, ఆ వేడికి వంకర్లు పోతుంది, అంటే నీ కిట్‌ని నిజంగా క్రిములు లేకుండా చెయ్యడానికి దారే లేదు. డాక్టర్‌కి చూపించాక పారెయ్, ఇంకొకడికి మాత్రం ఇవ్వకు.

కుడిచెవి వెనక మడతని బ్లోఔట్ అంటారు ఈ సరదా ఉన్నవాళ్ళు. కన్నం లోపల గోడకి కూడా చర్మం ఉంటుంది, సన్నటి గొట్టంలా. జాకెట్ చేతికి లోపల వేసిన లైనింగ్ కురచైపోయి బిగిస్తే అంచు దగ్గర ఎలా బయటికి తన్నుకొస్తుందో అలా, ముందునుంచి లావుపాటిది తోసేసరికి ఆ గొట్టం వెనకనుంచి పొర్లి వచ్చేసింది. ఇంకా ఎర్రగా ఉందంటే కొత్తది, కొత్తదైతే చాలావరకు సర్దుకుంటుంది. మొదట సైజు దించు, 4 నుంచి 2.4 కో, కుదిరితే ఇంకా కిందకో, ఏది అవస్థ లేకుండా కూర్చుంటే అది. మంట, ఎరుపు పూర్తిగా పోయాక అప్పుడు తియ్యి కొబ్బరినూనె, రోజూ స్నానం తర్వాత రెండు చుక్కలు వేసి వేళ్ళతో ఐదు నిమిషాలు మెల్లగా మర్దన చెయ్యి. ఆ తర్వాత పెట్టుకునేది వెనకనుంచి ముందుకి పెట్టు, ఒకవైపే అంచు ఉండేవి దొరుకుతాయి, ఆ అంచు వెనక వైపుంటే మడతని లోపలికి ఆనించి పడుతుంది. వారాలు కాదు, నెలలు పడుతుంది. అలాగే వదిలేసి దానిమీదే పెద్ద సైజులు ఎక్కిస్తే గట్టిపడి మచ్చ అయిపోతుంది, అప్పుడు కత్తి పెట్టి తియ్యాల్సిందే.

10 దాకా వెళ్ళొచ్చా అన్నావు. వెళ్ళేవాళ్ళు వెళ్తున్నారు, లోకంలో కొత్తేం కాదు. మీ మామ్మ చెవి మాట సరే, సీతంపేట కొండల నుంచి సంతకి దిగే సవర ముసలమ్మలు కొందరికి తమ్మెలో గుండ్రటి చెక్క బిళ్ళలు ఉండేవి, నా చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేదాన్ని. మనవాళ్ళు తాటాకు చుట్ట పెట్టేవారు. అసలు కమ్మ అన్నమాటే చూడు, తాటి ఆకూ కమ్మే, చెవికి పెట్టుకునేదీ కమ్మే. ఆ తాటాకు చుట్ట పనితనం ఏంటంటే, గట్టిగా చుట్టి కన్నంలో పెడితే అది విచ్చుకోవాలని చూస్తుంది, విచ్చుకునే బలం చాలా చిన్నది, తమ్మె ఎంత చోటిస్తే అంతే తీసుకుంటుంది, ఇవ్వకపోతే అక్కడే ఆగి కూర్చుంటుంది. వదులయ్యాక ఇంకొంచెం లావు చుట్ట. నువ్వు చేసిందల్లా తమ్మె చోటివ్వకముందే తోసుకుని వెళ్ళడం.

అంకెల్లో చెప్తా, నీకు అలా అయితే ఎక్కుతుందేమో. 4 నుంచి 5 అంటే ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ సాగాల్సింది అడ్డకొలత కాదు, చుట్టుకొలత. 1.6 కన్నం చుట్టుకొలత 5 మిల్లీమీటర్లు, 5 కన్నానిది 15.7. అంటే 16 రోజుల్లో ఆ చర్మపు గొట్టాన్ని మూడింతలు చేశావు, చివరి ఒక్క తోపులో నాలుగో వంతు. నెమ్మదిగా లాగితే చర్మం కొత్త కణాలు పుట్టించుకుని నిజంగానే పెరుగుతుంది, తొందరగా లాగితే లోపల సన్నగా చిరుగుతుంది, చిరిగిన చోట మచ్చ పడుతుంది, మచ్చ మళ్ళీ సాగదు. అందుకే తొందరపడ్డవాళ్ళు చివరికి ఓపికగా ఉన్నవాళ్ళ కంటే చిన్న సైజు దగ్గరే ఆగిపోతారు.

నిజంగా వెళ్ళాలని ఉంటే ఇదీ లెక్క. డాక్టర్ మానిందన్నాక కూడా కనీసం మూడు నాలుగు నెలలు ఏమీ చెయ్యకు. ఆ తర్వాత 2.4 నుంచి మళ్ళీ మొదలు, ఒక్కో సైజుకి తక్కువలో తక్కువ ఆరు ఎనిమిది వారాలు, 5 దాటాక మూడు నెలలు. 6 తర్వాత బజార్లో సైజులు ఒక్కసారిగా 8, 10 అని గెంతుతాయి, అక్కడే ఎక్కువమంది తెంపుకుంటారు, మధ్యలో 7, 9 వెతికి తెచ్చుకో. అంతా కలిపితే రెండేళ్ళ పని. అక్రిలిక్, సిలికాన్ కాదు, సాగదీసేటప్పుడు గాజువి గానీ ఇంప్లాంట్ గ్రేడ్, అంటే ఒంట్లో అమర్చే రకం, టైటానియం గానీ, నున్నగా ఉండేవి. చెక్కవి పూర్తిగా మానిన చెవికే. టేపర్ అనేది లోపలికి దారి చూపించే పనిముట్టు, దాన్ని అలాగే చెవికి వేలాడదీసుకుని తిరక్కు, బరువుకి కింద తమ్మె పలచబడిపోతుంది. కొంతమంది అసలు టేపరే వాడరు, కుళాయి ఫిట్టింగులకి చుడతారు చూడు, జిగురు లేని తెల్లటి టెఫ్లాన్ టేపు, అది గాజు ప్లగ్, అంటే కన్నంలో పట్టే గుండ్రటి గాజు బిరడా, మీద ఒకటి రెండు చుట్లు వేసి, అది వదులయ్యాక వారం ఆగి ఇంకో చుట్టు, అలా వెళ్తారు. మన తాటాకు చుట్ట లెక్కే అది. వేడినీళ్ళ స్నానం తర్వాత, నూనె చుక్క వేసి పెడితే దానంతటది వెళ్ళాలి. మండినా, రక్తం చుక్క కనపడినా, అదే రోజు ఒక సైజు వెనక్కి.

రెండు సంగతులు తేల్చుకున్నాకే మొదలుపెట్టు. ఒకటి, చిన్నప్పుడు బీసీజీ వేసిన మచ్చ నీ ఎడమ భుజం మీద ఎలా ఉందో చూసుకో. చదునుగా ఉంటే సరే. ఉబ్బి, మెరుస్తూ, సూది పడ్డ చోటు కంటే పెద్దగా పెరిగి ఉంటే, లేకపోతే మీ నాన్నకో మామ్మకో ఎక్కడైనా గాయం మానాక కండ పెరిగి ఉంటే అది కెలాయిడ్, ఆ ఒంటికి ఈ సరదా పనికిరాదు. మనలాంటి చామనఛాయ ఒళ్ళకి అది తెల్లోళ్ళ కంటే ఎక్కువ, చెవి తమ్మె అంటే దానికి మరీ ఇష్టం. కోస్తే ఇంకా పెద్దది వస్తుంది, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకుంటూ తిరగాలి. రెండోది, వెనక్కి రాగలిగే సైజు ఎక్కడిదాకా అన్నది. అందరికీ ఒకే అంకె లేదు. 5 లోపు అయితే తీసేశాక చాలామందికి మామూలు దుద్దు పట్టేటంతకి ముడుచుకుంటుంది, 6, 8 దగ్గర అనుమానం, 10 కి వెళ్ళాక అది మళ్ళీ చిన్నదవుతుందని నమ్ముకోకు. అప్పుడు ఆపరేషనే, చెవి వరకు మత్తిచ్చి అంచులు చెక్కి కుడతారు, పెద్ద ప్రమాదం లేదు గానీ గీత మిగులుతుంది.

ఆ గీత నాకూ ఉంది. పెళ్ళిలో మా అత్తగారు పెట్టిన బుట్టలు బరువుగా ఉండేవి, బరువు జుట్టు మీదికి పోవడానికి మాటీలు ఇచ్చారు, నేను డ్యూటీకి వెళ్ళే తొందరలో అవి ఎప్పుడూ పెట్టలేదు. కన్నం గుండ్రంగా ఉండేది కాస్తా గీతయింది, గీత కిందకి దిగుతూ దిగుతూ ఒకరోజు వార్డులో చంటిపిల్లాడిని ఎత్తుకుంటే వాడు బుట్ట పట్టుకుని లాగాడు, అంతే, తమ్మె రెండు రెక్కలైంది. రోజూ వేరేవాళ్ళ చెవులకి కట్లు కట్టే మనిషిని, నా చెవి అరిగిపోతుంటే అద్దంలో చూసుకుంటూ పదేళ్ళు ఊరుకున్నా. కుట్టించుకున్నాక ఆర్నెల్లు ఆగి ఆ గీతకి పక్కగా మళ్ళీ కుట్టించుకున్నా, ఇప్పుడు చిన్న రాళ్ళ దుద్దులే.

కాబట్టి నీ ముందు ఉన్న దారులు ఇవీ. ఇక చాలనుకుని రెండు చెవుల్లోవీ తీసేసి మానిపోనిస్తే పెళ్ళి నాటికి వాపు పోతుంది, ఓ చిన్న గుంట మిగలొచ్చు, నాన్నకి ప్రశాంతం, నీకు కోరిక అలాగే ఉండిపోతుంది, మళ్ళీ ఏడాదికి దొంగచాటుగా ఇంకో కిట్ తెప్పిస్తావేమో అది నీకే తెలియాలి. ఇంకోటి, ఎడమది డాక్టర్ చెప్పినట్టు చేసి, రెండూ మానాక 2.4 దగ్గర రంగులేని గాజువి పెట్టి అక్కడే ఉండిపోవడం. దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు, నచ్చకపోతే ఎప్పుడైనా వెనక్కి రావచ్చు, నచ్చితే ముందుకీ వెళ్ళొచ్చు, కానీ స్నేహితుల్లో చూపించుకోడానికి ఏమీ ఉండదు. ఇంకా ముందుకంటే ఆ రెండేళ్ళ దారి, దాంతోపాటు రేపు ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్ళినా అవతలివాళ్ళు నీ మొహం కంటే ముందు చెవి చూడటం, అది నీకు పర్వాలేదంటే పర్వాలేదు. నన్నడిగితే నాకు నడిమిది నచ్చింది, కనీసం ఈ ఏడాదికి. చెవి నాది కాదనుకో.

ఏ దారైనా ఈ 7 వారాల్లో సాగదీసే పని మాత్రం లేదు. తలగడ గలీబు రెండు రోజులకోసారి మార్చు, దానిమీద ఉతికిన టీ షర్టు కప్పినా చాలు. హెల్మెట్ మానెయ్యమనను, లోపలి స్పాంజి ఉతుకు, మెల్లగా పెట్టుకో. ఇయర్‌ఫోన్ ఆ వైపు వద్దు, మంగలి షాపులో చెవి దగ్గర చెయ్యి పెట్టొద్దని ముందే చెప్పు, బీచ్‌కి వెళ్తే వెళ్ళు గానీ సముద్రంలో తల ముంచకు. ఇక ముట్టుకునే ముందు చెయ్యి కడుక్కోవడం, అది చెప్పక్కర్లేదనుకుంటా. చెప్పాలి, నువ్వు మగపిల్లాడివి.

నాన్న సంగతి. ఆయన అన్న మాట ఇంకోసారి చదువు, చెవి గురించి సగమే ఉంది అందులో, మిగతా సగం చెల్లి పెళ్ళి. కొత్త వియ్యాలవారు ఏమనుకుంటారో, కట్నం కానుకల మాటలు నడుస్తున్నప్పుడు ఎవరు ఏ వంక పెడతారో అని ఆడపిల్ల తండ్రికి ఉండే దడ అది. నువ్వు వెళ్ళి "నా ఒళ్ళు నా ఇష్టం" అంటే నీ మాట తప్పు కాదు, కానీ ఆ దడకి అది జవాబు కాదు, పెళ్ళి అయ్యేదాకా ఇల్లు కుతకుతలాడుతుంది. తీసేశానని అబద్ధం చెప్పి జుట్టు పెంచి కప్పితే ఎడమ చెవి వాపే పట్టిచ్చేస్తుంది. ఇంకో పద్ధతి ఉంది, డాక్టర్ దగ్గరికి నాన్ననే తోడు రమ్మను. "నాన్నా, చీము పట్టింది, భయమేస్తోంది" అన్న గుంటడిని తిట్టే తండ్రి మన జిల్లాల్లో నాకు కనపడలేదు, తిట్టినా బండి తీస్తూ తిడతాడు. డాక్టర్ ముందు ఏం జరిగిందో నువ్వే చెప్పు, పెళ్ళి అయ్యేదాకా కొత్తగా ఏమీ చెయ్యనని కూడా ఆయన ఎదురుగానే చెప్పు, ఆ ఒక్క మాట నిలబెట్టుకో. పెళ్ళి తర్వాత ఏం చేస్తావన్నది అప్పుడే తెంచక్కర్లేదు, ఆయన అడిగితే ఇంకా అనుకోలేదను, అది నిజమే కదా. మామ్మని మాత్రం నీ తరఫున వకాల్తాకి పంపకు, కొడుకూ తల్లీ పడితే మధ్యలో నీ చెవి ఎవరికీ గుర్తుండదు.

మామ్మతో వేరే పని ఉంది నీకు. ఈ ఆదివారం కూర్చోబెట్టి అడుగు, ఆవిడకి తాటాకు చుట్ట పెట్టారా, చీపురు పుల్లలతో మొదలెట్టారా, ఎన్నేళ్ళకి వేలు దూరేటంత అయింది, మధ్యలో ఎప్పుడైనా చీము పడితే వాళ్ళమ్మ ఏం చేసేది అని. పసుపు అంటుందనుకో, అననీ. ఆ జవాబూ, ఎడమ చెవి ఎలా ఉందో ఆ కబురూ రెండూ కలిపి నాకు రాయి, డాక్టర్ ఏ సైజుకి దించారో కూడా రాయడం మర్చిపోకు.